నడవగలవు కదా, మళ్లీ కర్రెందుకు?

“కర్ర లేకుండా నడవలేవా?” అని అడుగుతారు. నడవగలను. ఇంటి గుమ్మం నుంచి ఆటో దాకా నడవగలను, ఆటో దిగి కాలేజీ గేటు నుంచి స్టాఫ్‌రూమ్ దాకా నడవగలను, అక్కడి నుంచి రెండో అంతస్తులో క్లాసుకి మెట్లెక్కి కూడా పోగలను. ఈ జవాబు వినగానే అడిగినవాళ్లకి లెక్క తేలిపోతుంది. నడవగలిగినప్పుడు ఇంకెందుకమ్మా ఆ కర్ర, చూసేవాళ్లకి బాగోదు, పైగా అలవాటైపోతుంది.

వాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది. అలా కర్ర లేకుండా నడిచొచ్చిన రోజు సాయంత్రం ఏమవుతుంది? వంటగదిలో పొయ్యి ముందు నిలబడగలనా? రాత్రి అటు నుంచి ఇటు ఒత్తిగిలితే మెలకువ రాకుండా ఉంటుందా? మర్నాడు పొద్దున మంచం దిగడానికి ఎంతసేపు పడుతుంది? కాలు విరిగినవాళ్లకి నడక విషయంలో నడవగలను, నడవలేను అని రెండే జవాబులు. నొప్పితో ఏళ్లకేళ్లు బతికేవాళ్లకి నడకకో ఖరీదు ఉంటుంది. అది నడుస్తున్నప్పుడు కనపడదు, కొన్ని గంటలాగి వసూలు చేస్తుంది. ఊతం కావాలా వద్దా, కావాలంటే ఏది కావాలి అన్నది ఆ ఖరీదుని బట్టి తేల్చుకోవాలని నా వాదన. బొత్తిగా నడవలేని రోజు వచ్చేదాకా కర్రని వాయిదా వేయడం మన ఇళ్లలో పౌరుషంగా చలామణీ అవుతోంది. నాకది దండగ వ్యవహారంగా కనిపిస్తుంది.

నాకున్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన ఇళ్లలో కీళ్లవాతం అంటారు. ముప్పైల్లో చేతివేళ్లతో మొదలై రెండు మణికట్లకీ పాకి, తర్వాత కుడి తుంటిలో దిగింది. మందులతో వాపు చాలావరకు అదుపులో ఉంది గానీ, ఒకసారి అరిగిన కీలుని ఏ మందూ తిరిగి పుట్టించదు. అంచేత ఇక్కడ రాసేది ప్రధానంగా నా ఒంటికి తెలిసిన సంగతి. నడుం నొప్పి, మోకాళ్ల అరుగుదల, నరాల నొప్పి ఉన్నవాళ్లకి కొంత వర్తిస్తుంది, కొంత వర్తించదు.

మన దగ్గర నొప్పికి వైద్యం ఒక వరసలో నడుస్తుంది. ముందు మాత్రలు, తర్వాత ఆయింట్‌మెంట్లు, బెల్టులు, ఇంజెక్షన్లు, మధ్యలో ఎవరో చెప్పిన నాటుమందు, ఆ తర్వాత ఆపరేషన్ మాట. ఇవేవీ కుదరకపోతే, ఇక చేసేదేమీ లేదన్నప్పుడు, కర్ర. ఈ వరస ఎవరు పెట్టారో గానీ తలకిందులుగా ఉంది. వీటన్నిటిలో తక్కువ ఖర్చుతో అయ్యేది కర్రే. కడుపులో మంట పుట్టించదు, కిడ్నీల జోలికి పోదు. సరిపడకపోతే తలుపు మూలన నిలబెట్టేయొచ్చు. ఆపరేషన్‌ని అలా మూలన పెట్టలేం కదా! ఎముకల డాక్టరు దగ్గరికెళితే ఎక్స్‌రే చూస్తారు, మాత్రలు రాస్తారు, బరువు తగ్గమంటారు. కర్ర గురించి చీటీలో ఒక్క ముక్క ఉండదు. మనం అడిగితే “అప్పుడేనా, మీకింకా వయసుంది” అంటారు. తుంటికి వయసు తెలుసా?

ఈ చిన్నచూపు ఇవాళ్టిదేం కాదు. 1956లో వాల్టర్ బ్లౌంట్ అనే అమెరికా ఎముకల వైద్యుడు, తోటి సర్జన్లు చదివే వైద్య పత్రికలో, ‘కర్రను పారేయకండి’ అని శీర్షిక పెట్టి మరీ రాశాడు. ఆయన చెప్పిన దాని వెనక ఉన్నది తుంటి కీలు మీద పడే బరువు లెక్క. అది ఒక్కసారి అర్థమైతే కర్ర ఏ చేత్తో పట్టుకోవాలన్నది జన్మలో మర్చిపోరు.

నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒక క్షణం ఒంటికాలి మీద ఉంటాం. కుడికాలి మీద ఉన్నప్పుడు మన బరువు కుడి తుంటి మీద నిటారుగా పడదు, దానికి ఎడమగా, ఒంటి మధ్యలో వేలాడుతూ ఉంటుంది. నడుం ఎడమవైపుకి ఒరిగిపోకుండా కుడి తుంటి పక్కనున్న కండరాలు గట్టిగా లాగిపెట్టి ఉంచాలి. భుజం నడిమికి కాకుండా ఒక కొసకి దగ్గరగా పెట్టుకున్న కావడిని ఊహించుకోండి. పొడుగు కొసన బిందె ఉంటే, పొట్టి కొసన అంతకి రెట్టింపు బరువు వేస్తే గానీ నిలవదు. అక్కడ మోసేవాడి భుజం ఏదో ఇక్కడ తుంటి అది. బిందె బరువూ మోయాలి, దాన్ని నిలబెట్టే రెట్టింపు బరువూ మోయాలి. అందుకే ఒంటికాలి మీద ఉన్న క్షణంలో తుంటి కీలు మీద పడేది ఒంటి బరువుకి రెండున్నర, మూడు రెట్లు ఉంటుంది. అరవై కిలోల మనిషికి నూట యాభై కిలోల పైమాటే.

ఇప్పుడు కర్రని ఎడమ చేత్తో పట్టుకుని కొద్దిగా నొక్కండి. ఆ చెయ్యి కుడి తుంటికి చాలా దూరంలో ఉంది కాబట్టి, కావడి పొడుగు కొసని కింద నుంచి ఎవరో చేత్తో ఎత్తినట్టవుతుంది. అయిదు కిలోల నొక్కుడుకి కీలు మీద నుంచి యాభై కిలోల దాకా దిగిపోతుందని కాగితం మీద లెక్క. నిజం నడకలో అంతా దిగకపోవచ్చు, సగం దిగినా నాకు చాలు. అదే కర్రని కుడిచేత్తో, నొప్పి ఉన్న వైపే పట్టుకుంటే ఈ లాభమంతా పోతుంది. పైగా మనిషి ఆ పక్కకే ఒరుగుతాడు. మన సీరియళ్లలో కుంటుతూ వచ్చే తాతగార్లందరూ నొప్పికాలి వైపే కర్ర పట్టుకుంటారు. చూసి చూసి జనానికీ అదే సహజమనిపిస్తుంది. మందుల షాపు అబ్బాయి కూడా నాకు కర్ర అందిస్తూ “ఏ కాలు మేడమ్? కుడా? అయితే కుడిచేత్తో పట్టుకోండి” అన్నాడు, ఎంతో నమ్మకంగా.

మోకాలికీ ఇదే పద్ధతి, ఎదుటి చెయ్యే. కర్ర, నొప్పికాలు కలిసి ముందుకి పడాలి. మెట్ల దగ్గర పైకెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు, కర్ర ఎప్పుడూ నొప్పికాలి జట్టే.

ఇక “అలవాటైపోతుంది” అనే మాట. నేను అన్నిటికంటే ఎక్కువ విన్నది ఇదే, మా అమ్మ నుంచి మొదలుపెట్టి. “ఒకసారి పట్టావంటే ఇక వదలవే తల్లీ” అంటుంది. ఈ భయంలో నిజం పాలు కొంత ఉంది. వాడని కండరం చిక్కిపోతుంది, అది అబద్ధం కాదు. అయితే కండరం చిక్కేది కర్ర వల్లా, కదలకపోవడం వల్లా? కర్ర లేకుండా నేను సందు చివరి దాకా వెళ్లి తిరిగొచ్చేస్తాను, మర్నాడు అదీ ఉండదు. కర్రతో అయితే కాలవ గట్టు దాకా వెళ్లి వస్తాను, మర్నాడు కూడా వెళతాను. ఏ నడకలో తొడ కండరానికి ఎక్కువ పని పడిందో మీరే చెప్పండి. కీళ్లవాతం వాళ్లకీ, మోకాళ్లు అరిగినవాళ్లకీ కదలికే సగం వైద్యం అని ఏ ఫిజియోథెరపిస్టునడిగినా చెబుతారు. కదలనిచ్చే వస్తువుని కదలికకి శత్రువుగా చూడటం వింతగా ఉంటుంది నాకు.

దీని మీద 2012లో బ్రెజిల్ వాళ్లు ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. మోకాళ్లు అరిగిన 64 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి రోజూ కర్ర వాడమన్నారు, రెండో గుంపుని వాడొద్దన్నారు. రెండు నెలల తర్వాత కర్ర వాడినవాళ్లకి నొప్పి తగ్గింది, పనులు చేసుకోవడం మెరుగైంది. అంతకంటే నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకోటి. మొదట్లో కర్రతో నడవడానికి ఒంటికి ఎక్కువ శ్రమ పడింది. రెండో నెల ముగిసేసరికి అలవాటు కుదిరి, ఆ శ్రమ పట్టించుకోనక్కర్లేనంతకి దిగింది. అంటే అమ్మ భయపడే ఆ అలవాటే కావాల్సింది! కర్ర కొన్న వారానికే “దీంతో ఇంకా ఆయాసంగా ఉంది, నాకు పడలేదు” అని అటక మీద పడేసేవాళ్లు ఎందరో. వాళ్లు ఆ అలవాటు పడే దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో.

సరే, ఏ కర్ర? ఇక్కడ అందరూ కాలు సంగతే చూస్తారు. చెయ్యి ఏమైపోతుందో అడిగేవాళ్లుండరు. నా కుడి తుంటికి ఎడమచేతి కర్ర కావాలి, ఆ ఎడమ మణికట్టు కూడా వాచేదే. కాలి నుంచి దించిన బరువు గాల్లో కలిసిపోదు, చేతికి, మోచేతికి, భుజానికి ఎక్కుతుంది. షాపుల్లో మామూలుగా దొరికే వంకీ పిడి కర్ర చూడటానికి బాగుంటుంది గానీ, బరువంతా అరచేతిలో ఒక గీత మీద పడుతుంది. సన్నటి పిడిని గట్టిగా బిగించి పట్టుకోవాలంటే వాచిన వేళ్లకి నరకం. అరచెయ్యి మొత్తం ఆనేటట్టు వెడల్పుగా మలిచిన పిడులుంటాయి, కుడిచేతికి వేరు, ఎడమచేతికి వేరు. నేను వాడేది అలాంటిదే, ఎడమచేతిది. ఊళ్లో దొరక్క ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. వేళ్లు బిగించే పని తగ్గింది. మణికట్టు బాగా తిరగబెట్టిన రోజున అదీ చాలదు. ముంజేతిని పడుకోబెట్టి, బరువు అక్కడ వేసే దోనె లాంటి క్రచ్‌లు ఉంటాయి, ముఖ్యంగా చేతికీళ్లు పోయిన మా బాపతు వాళ్ల కోసం చేసినవి. అవి చూడటానికి మొరటుగా ఉంటాయి, పనికి మాత్రం బంగారం.

మామూలు కర్ర మీద ఒంటి బరువులో మహా అయితే పావు వంతు వేయగలం. అంతకంటే ఎక్కువ వేయాల్సి వస్తోందంటే, కర్రకి ఆనుకుని పూర్తిగా వంగిపోతున్నారంటే, అది కర్ర స్థాయి దాటింది, ఎల్బో క్రచ్‌ల వైపు చూడాలి. మోచేతి కింద పట్టీ ఉంటుంది చూడండి, అది. మన వాళ్లు దాన్ని చూస్తే కర్ర కంటే ఎక్కువ జంకుతారు, ఏదో పెద్ద జబ్బు అనుకుని. నా మట్టుకు రైతుబజారుకి దాన్ని మించింది లేదు. కూర తూకం వేయించుకుని డబ్బులు తీయాలంటే చెయ్యి వదిలేసినా క్రచ్ ముంజేతికే వేలాడుతుంది. కర్ర అయితే బల్లకి ఆనించాలి, అది జారి టమాటాల మధ్య పడుతుంది, తీయడానికి వంగాలి. వంగడమే నొప్పి అయినప్పుడు, పడిపోయిన కర్ర తీసుకోవడం కర్ర లేకుండా నడవడం కంటే కష్టం.

చంకకర్రలు మాత్రం నొప్పికి ఏళ్ల తరబడి వాడే వస్తువు కాదు. కాలు విరిగినప్పుడు కొన్ని వారాలకి సరే. వాటి మీద చంకతో వేలాడకూడదు, బరువు చేతుల మీదే ఉండాలి, చంకకీ కర్ర పైభాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. లేకపోతే చంకలోంచి చేతికి పోయే నరం నలిగి, మణికట్టు పైకి లేవకుండా వేలాడిపోతుంది.

నాలుగు కాళ్ల కర్ర గురించి నాకో ఫిర్యాదు ఉంది. సర్జికల్ షాపులో ఏ కర్ర అడిగినా మొదట తీసి చూపించేది ఇదే. “ఇది గట్టిది మేడమ్, పడిపోరు” అంటారు. పక్షవాతం వచ్చి ఒక పక్క పట్టు తప్పినవాళ్లకి ఇది మంచిదే. నిలబెడితే తనంతట తను నిలబడుతుంది, అదొక సుఖం. నొప్పి కోసం వాడేవాళ్లకి మాత్రం ఇది అడ్డం. నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకి ఆనాలి, లేకపోతే ఊగుతుంది. కాస్త చురుగ్గా నడిచేవాళ్లకి వెనక రెండు కాళ్లు ముందు తగులుతాయి, ముందు రెండు టక్కుమని పడతాయి. మన పేవ్‌మెంట్ల మీద నాలుగు కాళ్లకీ సమంగా చోటు దొరకాలంటే దేవుడే దిగిరావాలి. పైగా బరువు.

వాకర్ విషయానికొస్తే, దానికి మన ఇళ్లే సరిపడవు. అపార్ట్‌మెంటు కారిడార్‌లో చక్కగా పోతుంది. పాత ఇంట్లో గది గదికీ గడప ఉంటుంది. చక్రాలు లేని వాకర్‌ని ప్రతి గడప దగ్గరా ఎత్తి అవతల పెట్టాలి, మణికట్టు బాగోలేని వాళ్లకి అది నడక కాదు, కసరత్తు. చక్రాలుంటే గడప దగ్గర అవే ఆగిపోతాయి. గడప తీసేయండని అంటే పసుపు రాసి బొట్టు పెట్టే గడపని తీసేస్తామా అంటారు పెద్దవాళ్లు. వాళ్ల బాధా అర్థమవుతుంది. వాలుగా చెక్క వేయించుకోవచ్చు, కొందరు వేయించుకున్నారు కూడా.

అయితే చక్రాలు, బ్రేకులు, కూర్చునే పీట ఉన్న వాకర్‌తో బాగుపడే ఒక రకం నొప్పి ఉంది. వెన్నులో నరాల దారి ఇరుకైనవాళ్లు నిటారుగా నిలబడినా, నడిచినా కాళ్లు లాగేస్తాయి, ముందుకి వంగితే హాయిగా ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ మీద వాలి ఎంతసేపైనా తిరగగలిగి, బయట వంద అడుగులకే కూలబడిపోయే పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. అలాంటివాళ్ల చేతికి కర్ర ఇచ్చి నిటారుగా నడవమంటే నొప్పి పెంచినట్టే. మా పెద్దమ్మ విషయంలో ట్రాలీ సంగతి పట్టుకున్నది డాక్టరు కాదు, సరుకులకి తీసుకెళ్లిన కోడలు.

అందుకే ఏ ఊతం అని అడిగే ముందు, నొప్పి ఎప్పుడు అని గమనించుకోవాలి. అడుగు వేసినప్పుడా, నిలబడినప్పుడా? మా కాలేజీలో ఒక మేడమ్‌కి నడకతో పేచీ లేదు, ఎగ్జామ్ హాల్లో మూడు గంటలు నిలబడితే మాత్రం నడుం పోతుంది. ఆవిడకి కావాల్సింది కర్ర కాదు, కుర్చీ. ఇన్విజిలేటర్ కూర్చోకూడదు అనే నియమం మీద మేం పోట్లాడాం, అది వేరే కథ. గుడి క్యూలో, బ్యాంకులో, పెళ్లి రిసెప్షన్‌లో నిలబడలేనివాళ్ల కోసం విప్పితే చిన్న పీట అయ్యే కర్రలున్నాయి. బరువుగా ఉంటాయి, రోజువారీ నడకకి బాగోవు, క్యూకి మాత్రం పనికొస్తాయి. ఈ మధ్య కుర్రాళ్లు ట్రెక్కింగ్ కర్రలు వాడుతున్నారు, అది పట్టుకుంటే ఎవరూ జాలి పడరు గనక. పొద్దుటి నడకకి బాగానే ఉంటుంది. నిలువు పిడి కాబట్టి దాని మీద నేరుగా బరువు వేయడం కష్టం, కొన్నిటికి మధ్యలో బిగింపు జారుతుంది కూడా. ఒంటి బరువుని నమ్మి అప్పగించే ముందు చూసుకోండి.

ఇక ఎత్తు. ఇంత చూసి చూసి కర్ర కొని, దాన్ని తప్పు ఎత్తులో వాడేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చెప్పులేసుకుని, చేతులు కిందికి వదిలేసి, నిటారుగా నిలబడండి. ఇంకొకరు కర్రని పక్కన నిలబెట్టి చూడాలి. మణికట్టు ముడత దగ్గరికి పిడి రావాలి. అప్పుడు కర్ర పట్టుకుంటే మోచెయ్యి కొద్దిగా, ఒక ఇరవై ముప్పై డిగ్రీలు వంగి ఉంటుంది. కర్ర పొడుగైతే భుజం పైకి లేచి మెడ పట్టేస్తుంది, పొట్టిదైతే మనిషి ఒక పక్కకి వంగిపోతాడు. తాతగారి పొన్నుకర్రని మనవరాలు వాడకూడదనేది అందుకే, అభిమానం ఎంతున్నా సరే. తాతగారు ఆరడుగుల మనిషి.

పుస్తకాల్లో రాసే ఈ కొలతలో మన ఇళ్లకి సంబంధించిన చిక్కు ఒకటుంది. ఆ పుస్తకాలు రాసే పాశ్చాత్య దేశాల్లో చాలామంది ఇంట్లోనూ బూట్లతోనే తిరుగుతారు, మనం గుమ్మంలో విప్పేస్తాం. మడమ ఎత్తు చెప్పులు వేసుకుని సరిచేసుకున్న కర్ర, ఇంట్లో వట్టికాళ్లకి ఒక మెట్టు పొడుగవుతుంది. గుళ్లోనూ అంతే. బటన్ నొక్కి ఎత్తు మార్చుకునే అల్యూమినియం కర్ర ఇందుకు మేలు. మార్చిన ప్రతిసారీ కింద రింగుని బిగించాలి, లేకపోతే అడుగడుక్కీ టకటకమని మోగుతుంది, ఊరంతా తిరిగి చూస్తుంది. నేను ఇంటికొకటి, బయటికొకటి పెట్టుకున్నాను. మణికట్టుతో రోజూ ఆ బటన్ నొక్కడం నా వల్ల కాలేదు.

చాలా గొడవలకి మూలం ఇంకోటుంది. నేను రోజూ కర్ర వాడను. సోమవారం కర్రతో వస్తాను, మంగళవారం వట్టి చేతులతో వస్తాను, శుక్రవారం ఎల్బో క్రచ్‌తో వస్తాను. ఇది చూసేవాళ్లకి నాటకంలా ఉంటుంది. “నిన్న బాగానే ఉన్నారుగా” అంటారు. నిన్న బాగానే ఉన్నాను నిజమే. కళ్లజోడు చదివేటప్పుడు మాత్రమే పెట్టుకునేవాళ్లని ఎవరూ దొంగ గుడ్డివాళ్లనరు. నొప్పి రోజుకో తీరుగా ఉన్నప్పుడు ఊతం కూడా రోజుకో తీరుగా ఉండటంలో మోసమేముంది? మూడు మడతలు పెట్టి సంచీలో వేసుకునే కర్రలు వచ్చింది ఇలాంటి వాళ్ల కోసమే. కీళ్ల దగ్గర లోపలి సాగే తాడు వదులైందేమో అప్పుడప్పుడు చూసుకుంటే చాలు.

ఇంకొక మాట చెబితే కొందరికి కోపం వస్తుంది. కొన్నిసార్లు నేను కర్ర పట్టుకునేది బరువు దించుకోవడానికి కాదు, జనం కోసం. ఆర్టీసీ బస్సులో నొప్పి కనపడదు. చేతిలో కర్ర ఉంటే తోసుకునేవాడు ఒక అడుగు వెనక్కి ఆగుతాడు, కండక్టరు ఒక క్షణం ఎక్కువ ఆపుతాడు. తోపులాటలో నా తుంటికి పడే ఒక్క దెబ్బ వారం రోజుల మంచానికి సమానం. దాన్ని తప్పించే కర్ర తన పని చేసినట్టే కదా? వికలాంగుల సీటులో కూర్చుంటే ఒకాయన సర్టిఫికెట్ అడిగాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. వాటిలో దీర్ఘకాలిక నొప్పి అనే పేరుతో ఏదీ లేదు. కదలిక ఎంత పోయిందో వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో కొలుస్తారు, 40 శాతం, ఆ పైన ఉంటే పథకాలకి అర్హత. పథకాలకి ఆ గీత ఉండొచ్చు, ఉండాలి కూడా. కర్ర కొనుక్కోవడానికి ఏ శాతమూ అక్కర్లేదు. ఆ రెండూ కలిపేసి “నాకంత లేదులే” అని ఊతం మానుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు.

వయసు సంగతి సరేసరి. “ఈ వయసులో కర్రేంటే” అని మా అత్తయ్య పెళ్లిళ్లకి వెళ్లే ముందు తప్పకుండా అంటుంది. ఫొటో తీసేటప్పుడు “అది కాస్త పక్కన పెట్టమ్మా” అని ఎవరో ఒకరు అందుకుంటారు. మగవాడి చేతిలో కర్ర పెద్దరికం, ఆడదాని చేతిలో అదే కర్ర అయ్యో పాపం. మన ప్రతి ఊరి సెంటర్లోనూ కర్ర పట్టుకుని చకచకా నడుస్తున్న మనిషి విగ్రహం ఉంది. 1930లో దండికి బయల్దేరేనాటికి గాంధీకి అరవై నిండాయి, 24 రోజుల్లో 380 కిలోమీటర్ల పైగా నడిచాడు, చేతిలో వెదురు కర్రతోనే. నడవగలిగినవాడివి కదా కర్రెందుకయ్యా అని ఆయన్నెవరూ అడిగినట్టు లేదు.

కర్ర ముసలితనానికి గుర్తు అనేవాళ్లు మన నేలని మర్చిపోతున్నారు. తాగునీటిలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు గట్టిపడి, వెన్ను వంగిపోయే జబ్బుని 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా ప్రాంతం నుంచి వైద్యులు లోకానికి తెలియజేశారు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు, నడివయసు రాకుండానే గడకర్ర పట్టుకుని వంగి నడిచిన మనుషుల ఫొటోలు మనమంతా చూసినవే. వాళ్ల కర్రలు ఎవరూ కొలిచి ఇచ్చినవి కావు. చేతికందిన వెదురు, చేతికందిన ఎత్తు.

అరవై దాటి, దారిద్ర్యరేఖ దిగువన గానీ తక్కువ ఆదాయంతో గానీ ఉన్నవాళ్లకి ఇలాంటి వస్తువులు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం ఒకటుంది, రాష్ట్రీయ వయోశ్రీ. 2017లో మొదలుపెట్టింది మన నెల్లూరులోనే. కర్రలు, ఎల్బో క్రచ్‌లు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇస్తారు, కాన్పూరులోని అలిమ్‌కో సంస్థ తయారుచేసి పంపిస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లని శిబిరానికి తీసుకెళితే, వస్తువు చేతికి రాగానే ఫొటో దిగి వచ్చేయకండి. ఎత్తు అక్కడే పెట్టించండి, ఏ చేత్తో పట్టుకోవాలో చూపించమనండి, నాలుగు అడుగులు నడిపించి చూడండి. పక్కనే ఫిజియోథెరపిస్టు ఉంటే వదలకండి.

చివరిగా, కర్ర అడుగున ఉండే రబ్బరు బుష్. కర్ర మొత్తంలో జారి పడకుండా ఆపేది అదొక్కటే, ఎవరూ తిప్పి చూడనిదీ అదే. అడుగున గుండ్రటి గాడులు ఉంటాయి, అవి చదునైపోయాయంటే తడి టైల్స్ మీద, కళ్లాపి చల్లిన వాకిట్లో, పాలిష్ చేసిన గ్రానైట్ మీద దాన్ని నమ్మలేం. పొద్దున పొద్దున్నే మన వాకిళ్లన్నీ తడిగానే ఉంటాయి. కొత్త బుష్ ధర ఓ పూట కూర ఖర్చంత కూడా ఉండదు. పాతది ఊడదీసి షాపుకి పట్టుకెళ్లి సరిగ్గా అదే సైజు తీసుకోండి. వదులైంది వేసుకుంటే నడుస్తుండగా ఊడిపోతుంది. దొరికినప్పుడే రెండు కొని ఒకటి బీరువాలో పడేసుకోండి, మనకి కావాల్సిన సైజు కావాల్సిన రోజున ఏ షాపులోనూ ఉండదు.